అడగండి, చెబుతా: పచ్చ గళ్ళ, పాత టీబీ, ఇమ్యూనిటీ పొడులు

పోయిన నెల ఇక్కడ దగ్గు గురించి పావు పేజీ రాశానో లేదో, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఊపిరితిత్తుల మీదే ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, ఇలా ఎక్కణ్ణుంచి వచ్చినా అందరూ చివరికి అడిగేది ఒకటే: "నాకు ఇమ్యూనిటీ తక్కువా సార్?" కరోనా పోయింది గానీ ఆ మాట మాత్రం మన ఇళ్ళలోనే తిష్ట వేసుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా తిరుపతిలో జనం ఛాతీలు వింటున్నవాణ్ణి, ఈ మాట విన్నప్పుడల్లా నాకు కాస్త చిరాకే. అందుకని ఈసారి షుగరు, గ్యాసు ప్రశ్నలు పక్కన పెట్టి ఇవే తీసుకుంటున్నా. పేర్లు తీసేశాను, పొడుగాటి ఉత్తరాలను కుదించాను, ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా అత్తకు 58 ఏళ్ళు. ఎనిమిదేళ్ళ కిందట టీబీ వస్తే ఆరు నెలలు మందులు ఒక్కరోజు కూడా తప్పకుండా వాడింది, నయమైందన్నారు. రెండేళ్ళుగా మళ్ళీ రోజూ దగ్గు. పొద్దున లేస్తే అర గ్లాసు గళ్ళ, అదీ పచ్చగా. మూడుసార్లు పరీక్ష చేయించాం, టీబీ లేదంటున్నారు. ఇమ్యూనిటీ పెరగాలని తిప్పతీగ పొడి, పసుపు కషాయం, నెలకు రెండు వేలు పెట్టి ఒక డబ్బా పొడి వాడుతున్నాం. యాంటీబయాటిక్ వేస్తే వారం బాగుంటుంది, తర్వాత మామూలే. ఆ క్రిమిని ఒళ్ళు ఎందుకు చంపలేకపోతోంది? - ఒక కోడలు, కొర్లగుంట, తిరుపతి

అమ్మా, ముందు ఒక పని చేయండి. రేపు పొద్దున వచ్చే గళ్ళను పారబోయకుండా ఒక పాత గాజు గ్లాసులో పట్టించి, మూత పెట్టి, పిల్లలు ముట్టని చోట రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. తర్వాత కిటికీ వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే, నేను అనుకుంటున్న జబ్బే అయితే, అది మూడు పొరలుగా విడిపోయి కనిపించొచ్చు. పైన నురుగు, మధ్యలో సాగే జిగురు నీళ్ళు, అడుగున చిక్కటి చీము. స్కానులు లేని రోజుల్లో పెద్ద డాక్టర్లు ఆ గ్లాసు చూసే జబ్బు పోల్చుకునేవాళ్ళు. మా ప్రొఫెసరుగారైతే వార్డులోకి వస్తూనే మనిషి కంటే ముందు మంచం కింది గ్లాసును పలకరించేవారు.

జబ్బు పేరు బ్రాంకియెక్టాసిస్. ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు సాగిపోయి, వెడల్పై, మళ్ళీ మామూలు స్థితికి రాకపోవడం. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి డాక్టరు లెనెక్ 1819లోనే దీన్ని వర్ణించాడు. మన దేశంలో దీనికి పెద్ద కారణం పాత టీబీయే. రెండు వేల మందికి పైగా రోగుల వివరాలు పోగేసి 2019లో ప్రచురించిన భారతీయ రిజిస్ట్రీలో మూడో వంతు మందికి మూలం అదే అని తేలింది. అంటే టీబీ క్రిమి పోయింది, అది తవ్విన గుంతలు మిగిలాయి. ఎక్స్‌రేలో ఇది తరచు తప్పించుకుంటుంది, అందుకని ఛాతీకి సీటీ స్కాన్ ఒకటి తీయించండి.

ఇక మీ అసలు ప్రశ్న. ఆ గళ్ళ పచ్చగా ఎందుకుందో తెలుసా? క్రిమి రంగు అనుకుంటారు అందరూ. చాలావరకు అది మన తెల్లకణాల రంగు. న్యూట్రోఫిల్ అని ఒక రకం తెల్లకణం ఉంటుంది, క్రిమి కనబడిందంటే ముందు ఉరికేది అదే. దాని లోపల మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది, దాని సహజ రంగే ఆకుపచ్చ. అది చేసే పని కూడా విచిత్రమైనదే, బ్లీచింగ్ పౌడరుకు ఆ ఘాటూ ఆ పనితనమూ ఇచ్చే సరుకునే మన ఒంట్లో తయారుచేసి క్రిముల మీద పోస్తుంది. కాబట్టి మీ అత్తగారు పొద్దున్నే ఉమ్ముతున్నది లక్షల కొద్దీ చచ్చిన తెల్లకణాలను. ఒళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటే గళ్ళ అంత పచ్చగా రాదు తల్లీ. అక్కడ రాత్రింబవళ్ళు యుద్ధమే జరుగుతోంది, తెగడం లేదు, అంతే.

ఎందుకు తెగడం లేదంటే, మామూలు ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాల లోపలి గోడకు కంటికి కనబడని నూగు ఉంటుంది. అలిపిరి మెట్ల దారిలో జనం ఆగకుండా పైకి కదిలినట్టు, ఆ నూగు శ్లేష్మాన్ని, అందులో చిక్కుకున్న దుమ్మునీ క్రిములనూ అదేపనిగా గొంతు వైపుకు నెడుతూ ఉంటుంది. మనకు తెలియకుండానే మింగేస్తుంటాం. టీబీ దెబ్బకు ఆ నూగు పోయిన చోట, గొట్టం సాగి సంచిలా అయిన చోట, శ్లేష్మం నిలిచిపోతుంది. నిలిచిన నీళ్ళలో దోమలు పెరిగినట్టు అక్కడ క్రిములు పెరుగుతాయి. న్యూట్రోఫిల్‌లు వస్తాయి. వచ్చి ఎలాస్టేజ్ అనే ఇంకో ఎంజైమును కుమ్మరిస్తాయి. అది క్రిములను చంపాల్సిన కత్తే గానీ చుట్టుపక్కలవాళ్ళను కూడా చూసుకోదు. గొట్టానికి సాగే గుణమిచ్చే పోగులను కోస్తుంది, మిగిలిన నూగును పాడుచేస్తుంది, శ్లేష్మం ఇంకా ఊరేలా చేస్తుంది, ఆఖరికి క్రిమిని పట్టిచ్చే యాంటీబాడీలను కూడా ముక్కలు చేస్తుంది. ఇంకా గొట్టం సాగుతుంది, ఇంకా శ్లేష్మం నిలుస్తుంది, ఇంకా క్రిములు, ఇంకా న్యూట్రోఫిల్‌లు. పీటర్ కోల్ అనే బ్రిటిష్ డాక్టరు 1986లో దీనికి విషవలయం అని పేరు పెట్టాడు. మన పెద్దలు అంతకు చాలా ముందే చెప్పారు, ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టని.

యాంటీబయాటిక్ ఆపగానే ఎందుకు తిరగబెడుతోందో కూడా చెప్తాను. ఇలాంటి ఊపిరితిత్తుల్లో కొన్నాళ్ళకు సూడోమోనాస్ అనే క్రిమి కాపురం పెడుతుంది. అది విడివిడిగా తిరగదు. గుంపుగా చేరి, చుట్టూ జిగురు స్రవించి, ఆ జిగురులో దాక్కుంటుంది. కోనేటి మెట్ల మీద పాచి చూశారు కదా, అదే. మన పళ్ళకు పట్టే పాచి కూడా అదే జాతి వ్యవహారం. నీళ్ళు పోస్తే పాచి పోతుందా? పైపైన కొట్టుకుపోతుంది, అడుగుది మళ్ళీ పెరుగుతుంది. తెల్లకణాలు ఆ పాచిని మింగలేక చుట్టూ నిలబడి ఎంజైములు చల్లుతుంటాయి, దెబ్బంతా గొట్టం గోడకు. ఇంకా తమాషా ఏమిటంటే, ఇలాంటి రోగుల్లో కొందరికి యాంటీబాడీలు తక్కువ కాదు, మరీ ఎక్కువ. ఇంగ్లండులో 2014లో బయటపెట్టారు, ఒక రకం యాంటీబాడీ మరీ ఎక్కువైతే అది క్రిమికి దుప్పటి కప్పినట్టు కప్పేసి, రక్తంలోని చంపే పదార్థాలు దాన్ని చేరకుండా అడ్డుపడుతుందట. ఆ తర్వాత అలాంటి ఇద్దరు రోగులకు రక్తంలోంచి ఆ యాంటీబాడీలను తీసేస్తే తేరుకున్నారు! ఇమ్యూనిటీ పెంచే డబ్బాలు అమ్మేవాళ్ళకు ఈ సంగతి ఎవరు చెప్పాలి?

సరే, ఏం చేయాలి. అన్నిటికంటే ముందు రోజుకు రెండు పూటలా గళ్ళను బయటికి తీయడం. మందుల కంటే ఇది ముఖ్యం, పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చేయరు. ఏ భాగంలో జబ్బు ఉందో ఆ భాగం పైకి ఉండేలా పడుకోవడం, లోతుగా ఊపిరి తీసి కాసేపు బిగబట్టడం, తర్వాత అద్దం మీద ఆవిరి పట్టించడానికి ఊదినట్టు నోరు తెరిచి 'హా' అని గట్టిగా వదలడం. ఒక్కసారి ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్పించండి, తర్వాత ఇంట్లోనే పావుగంట. రెండోది, యాంటీబయాటిక్ మళ్ళీ మొదలెట్టే ముందు గళ్ళను కల్చరుకు పంపడం, ఏ క్రిమి ఉందో తెలియకుండా చీటీ మీద చీటీ రాయించుకుంటూ పోవద్దు. ఏడాదికోసారి ఫ్లూ టీకా, డాక్టరు చెబితే న్యుమోనియా టీకా. ఏడాదిలో మూడు నాలుగు సార్లు ముదిరేవాళ్ళకు అజిత్రోమైసిన్‌ను కొద్ది మోతాదులో నెలల తరబడి ఇస్తారు. అది సూడోమోనాస్‌ను నేరుగా చంపేది తక్కువే, తెల్లకణాల ఆవేశాన్ని తగ్గించడమే దాని ముఖ్యమైన పని. కానీ గుండె ఈసీజీ చూసి, గళ్ళలో టీబీ కుటుంబపు క్రిములేవీ లేవని తేల్చుకున్నాకే, డాక్టరు చేతిలోనే జరగాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. 2025 ఆగస్టులో అమెరికాలో బ్రెన్సోకాటిబ్ అనే మాత్రకు అనుమతి దొరికింది, ఈ జబ్బుకంటూ వచ్చిన మొదటి మందు అదే. అది క్రిమి జోలికే పోదు. ఎముక మూలుగలో న్యూట్రోఫిల్‌లు తయారవుతున్నప్పుడే వాటి ఎంజైముల పదును తగ్గించి పంపుతుంది. చూడండి, ప్రపంచం మందు వెతుకుతున్నది మీ అత్తగారి ఇమ్యూనిటీని కాస్త సముదాయించడానికి, మీరేమో రెండు వేలు పోసి ఎగదోస్తున్నారు!

ఆ డబ్బా పొడి నిజానికి ఎగదోస్తుందని కూడా నాకు నమ్మకం లేదు లెండి, డబ్బు దండగ. తిప్పతీగ విషయంలో మాత్రం జాగ్రత్త. అది వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను, సొంత ఇమ్యూనిటీయే కాలేయాన్ని కొట్టినట్టు కనిపించిన కేసులను, ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, ఆ వాదన అలా ఉంది. నేనైతే మా ఇంట్లోవాళ్ళకు ఇవ్వను.

ప్రశ్న: మా రూమ్మేటుకు టీబీ వచ్చిందని నాకూ చేతికి సూది పరీక్ష చేశారు. 18 మిల్లీమీటర్లు వాచింది. ఎక్స్‌రే బాగుంది, దగ్గు లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. మాఘమాసంలో పెళ్ళి. అమ్మాయి వాళ్ళకు చెప్పాలా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. - ఒక యువకుడు, రేణిగుంట

నిద్రపో నాయనా. ఎక్స్‌రే బాగుండి, లక్షణాలేవీ లేకపోతే నీకున్నది టీబీ జబ్బు కాదు, టీబీ క్రిమితో ఒకప్పుడు జరిగిన పరిచయం. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఆ పరిచయం ఉందని అంచనా. నీనుంచి ఎవరికీ అంటదు, పెళ్ళి వాయిదా వేయక్కర్లేదు. చెప్పడం చెప్పకపోవడం నీ ఇష్టం, అయినా ముహూర్తానికి ముందే ఒక నిజం చెప్పుకున్న సంసారానికి నష్టమేమీ రాదు.

ఆ వాపు కథ చెప్తాను. టీబీ క్రిమిని రాబర్ట్ కోచ్ 1882 మార్చి 24న లోకానికి చూపించాడు. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ క్రిమి నుంచి తీసిన ట్యూబర్క్యులిన్ అనే ద్రవంతో టీబీ నయమవుతుందని ప్రకటించాడు, అది ఘోరంగా విఫలమైంది. కానీ క్రిమి పరిచయం ఉన్నవాళ్ళ చర్మంలోకి ఎక్కిస్తే రెండు మూడు రోజులకు వాపు వస్తుందని తేలింది, 1908లో మాంటూ అనే ఫ్రెంచి డాక్టరు దాన్ని ఇప్పటి సూది పరీక్షగా మలిచాడు. మందుగా ఓడిపోయింది పరీక్షగా మిగిలింది. వాపు వెంటనే రాకుండా రెండు రోజులు పట్టేది ఎందుకంటే, ఆ క్రిమిని గుర్తుపట్టే టీ కణాలు (ఇవీ ఒక రకం తెల్లకణాలే) కొన్నే ఉంటాయి, అవి కబురు అందుకుని, ఆ చోటికి చేరి, తోటివాళ్ళను పిలవాలి కదా. అంటే నీ చేయి వాచడం నీ ఒంటికి జ్ఞాపకశక్తి బాగుందని చెప్పడమే.

ఊపిరితిత్తుల్లోకి క్రిమి రాగానే మాక్రోఫేజ్ అనే పెద్ద కణం దాన్ని మింగుతుంది. కోచ్ క్రిమిని చూపించిన ఆ 1882లోనే మెచ్నికోవ్ అనే ఆయన ఇటలీలోని మెసీనాలో ఒక నక్షత్రచేప పిల్ల ఒంట్లో ముల్లు గుచ్చి, తెల్లారి చూస్తే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉండడం కనిపెట్టాడు. కాలిలో ముల్లు విరిగితే మనకు చీము పట్టదూ, దాని రహస్యం అదే. అయితే టీబీ క్రిమి గడుసుది. మింగిన కణం కడుపులో అరగకుండా అక్కడే కాపురం పెడుతుంది. మామూలు క్రిములు కొన్ని ఇరవై నిమిషాలకోసారి రెండింతలైతే ఇది రోజుకు ఒక్కసారి, తొందరేం లేదు దానికి. అప్పుడు టీ కణాలు వచ్చి, మాక్రోఫేజ్‌లను ఉసిగొల్పి, క్రిములున్న చోటు చుట్టూ చేనికి కంప నాటినట్టు కణాల దడి కట్టేస్తాయి. దాన్ని గ్రాన్యులోమా అంటారు. నూటికి తొంభై మందికి పైగా ఆ దడి జీవితాంతం నిలుస్తుంది. మిగిలిన ఐదు నుంచి పది మందిలో ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది, అందులోనూ క్రిమి సోకిన మొదటి రెండేళ్ళలోనే ఎక్కువ. అందుకే నీలాంటివాళ్ళకు ముందుజాగ్రత్త మందు ఉంది, ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్, లేదా వారానికోసారి చొప్పున పన్నెండు మోతాదుల జంట మందు. టీబీ విభాగానికి వెళ్ళి అడుగు. సిగరెట్ ఉంటే మానెయ్. షుగరు పరీక్ష చేయించుకో, షుగరున్నవాళ్ళలో ఆ దడి తెగే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ.

ప్రశ్న: నాకు కీళ్ళవాతం. మాత్రలతో తగ్గకపోతే ఖరీదైన ఇంజెక్షన్ రాశారు. దానికి ముందు టీబీ పరీక్ష చేయించమన్నారు. మోకాళ్ళ నొప్పికీ టీబీకీ ఏం సంబంధం? ఊరికే పరీక్షల పేరుతో డబ్బు లాగుతున్నారా? - ఒక గృహిణి, చంద్రగిరి

లాగడం లేదమ్మా, మీ డాక్టరు మంచివాడు. పై జవాబులో దడి అన్నాను చూడండి, ఆ కంపను కట్టిపట్టే తాళ్ళలో టీఎన్ఎఫ్ అనే పదార్థం ముఖ్యమైనది. మీ కీళ్ళను వాపెక్కిస్తున్నదీ అదే. ఆ ఇంజెక్షన్ దాన్ని పట్టి కట్టేస్తుంది, కీళ్ళకు హాయి, కానీ ఊపిరితిత్తుల్లో ఎక్కడో పాత దడి ఉంటే అది వదులైపోతుంది. ఈ మందులు వచ్చిన కొత్తలో ఇలాగే నిద్రపోతున్న టీబీ లేచి కూర్చున్న కేసులు బోలెడు వచ్చాయి, 2001లో అది గట్టిగా బయటపడ్డాకే ఈ పరీక్ష తప్పనిసరి అయింది. పరీక్ష చేయించుకోండి, అవసరమైతే ముందు టీబీ నివారణ మందు మొదలెట్టి, కొన్నాళ్ళాగి ఇంజెక్షన్ ఇస్తారు. స్టెరాయిడ్ మాత్రలు నెలల తరబడి మింగేవాళ్ళకు కూడా ఇదే మాట. నాటు మందు పేరుతో ఊరూపేరూ లేని పొట్లాలు వాడేవాళ్ళు మరీ జాగ్రత్త, ఒక్కరోజులో నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ ఉందేమో అనుమానించండి.

ప్రశ్న: మా నాయనకు టీబీ వల్ల ఊపిరితిత్తిలో చిల్లు పడిందన్నారు. క్రిమి తినేసిందా సార్? - పలమనేరు

క్రిమికి అంత కోరలు లేవు. ఆ చిల్లు పెట్టింది ఎక్కువగా మీ నాయన తెల్లకణాలే. దడి లోపల చచ్చిన కణాలు జున్నులా మెత్తబడతాయి, చుట్టూ ఉన్న కణాలు వదిలే ఎంజైములు ఊపిరితిత్తి కండను కరిగిస్తాయి, అది గాలిగొట్టంలోకి తెరుచుకుని జున్నంతా దగ్గులో బయటికి పోతే మిగిలేది ఖాళీ. నమ్మకం లేకపోతే ఇది వినండి: హెచ్ఐవీ ముదిరి టీ కణాలు బాగా పడిపోయినవాళ్ళలో ఒళ్ళంతా టీబీ ఉన్నా ఎక్స్‌రేలో చిల్లులు తక్కువగా కనిపిస్తాయి. పోరాడేవాళ్ళు లేనిచోట గోడలు కూలవు, మనిషి పోతాడు. చిల్లు ఉన్నవాళ్ళ దగ్గులో క్రిములు ఎక్కువ, కాబట్టి మొదటి వారాల్లో మీ నాయనను కిటికీలున్న గదిలో పడుకోబెట్టండి, మాస్కు పెట్టించండి. ఆరు నెలలూ మందు ఆపొద్దు.

ప్రశ్న: మా అమ్మ గుడ్డు, మాంసం వేడి చేస్తాయని టీబీ మందులు వాడుతున్న మా అన్నకు జావ మాత్రమే ఇస్తోంది. మీరైనా చెప్పండి. - పుత్తూరు

అమ్మకు ఈ పేజీ చూపించు. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 దాకా జరిగిన రేషన్స్ అనే పరిశోధనలో టీబీ రోగుల ఇళ్ళకు నెలనెలా బియ్యం, పప్పు, నూనె, పాలపొడి సంచులు ఇచ్చారు. ఆ ఇళ్ళలో మిగతావాళ్ళకు టీబీ రావడం దాదాపు నలభై శాతం తగ్గింది. రోగుల్లో మొదటి రెండు నెలల్లో బరువు పెరిగినవాళ్ళు బతికే అవకాశం బాగా పెరిగింది. టీ కణాలు తయారవ్వాలంటే మాంసకృత్తులు కావాలి, జావలో అవెక్కడివి? రాగి సంగటి పెట్టమను, దాని పక్కన కోడికూరో, ఉలవల చారో, రెండు గుడ్లో, ఊరిబిండో ఉండాలి. అనపగింజల కాలమైతే ఇంకేం కావాలి. ప్రభుత్వం నిక్షయ్ పోషణ కింద ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 500 కాదు, 1,000 రూపాయలు. ఖాతాలో పడుతోందో లేదో చూసుకో. ఇమ్యూనిటీ పొడి కావాలని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఈ పళ్ళెమే.

ప్రశ్న: నా ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉంది. అయినా ముప్పై ఐదేళ్ళకు టీబీ వచ్చింది. మరి ఆ టీకా ఎందుకు? - ఒక టీచరు, మదనపల్లె

ఈ ప్రశ్న అడగడానికి మీ ఊరికున్నంత హక్కు ఇంకెవరికీ లేదు మాస్టారూ! మన దేశంలో 1948లో బీసీజీ వేయడం మొదలెట్టింది మదనపల్లెలోనే కదా. మీ పక్కనే ఆరోగ్యవరం శానిటోరియం, నూరేళ్ళు దాటిన చోటు. మందులు లేని కాలంలో రోగులను చెట్ల గాలికి వరండాల్లో పడుకోబెట్టి, పాలు గుడ్లు పెట్టి, మిగతాది వాళ్ళ ఒంటికి వదిలేసేవాళ్ళు. కొందరిలో దడి నిలిచేది, కొందరిలో లేదు.

బీసీజీని ఫ్రాన్సులో కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు తయారుచేసి 1921లో మొదటిసారి ఒక పసిబిడ్డకు ఇచ్చారు. అది పశువుల టీబీ క్రిమిని ఏళ్ళ తరబడి పెంచి పెంచి మెత్తబరిచిన రకం. పసిపిల్లల్లో మెదడుకు పాకే టీబీ, ఒళ్ళంతా చిమ్మే టీబీ రాకుండా బాగా ఆపుతుంది, అందుకే ఈనాటికీ పుట్టగానే వేస్తున్నాం. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల టీబీని ఆపుతుందా అని తేల్చడానికి మన పక్కనే, తమిళనాడు చెంగల్పట్టులో, 1968లో లక్షల మంది మీద పరీక్ష మొదలెట్టి పదిహేనేళ్ళు వెంటాడి చూశారు. ఫలితం సున్నా. ఇంగ్లండు పిల్లల్లో బాగా పనిచేసిన టీకా ఇక్కడెందుకు తేలిపోయిందంటే, చాలామంది ఒప్పుకునే వివరణ ఒకటుంది. మన మట్టిలో, నీళ్ళలో టీబీకి చుట్టాలైన క్రిములు బోలెడు, చిన్నప్పటి నుంచి మన ఒళ్ళు వాటితో తలపడి తలపడి ఉంటుంది, టీకా కొత్తగా నేర్పేది మిగలదు. మచ్చ ఉందా లేదా అన్నదాన్ని బట్టి రక్షణ ఉందో లేదో చెప్పలేం. మీకు పసితనంలో అది చేయాల్సిన పని చేసేసింది, అంతే అనుకోండి.

ప్రశ్న: మా ఆయన పదిహేనేళ్ళుగా గ్రానైట్ కటింగ్‌లో పనిచేస్తున్నాడు. ఆయాసం. మాస్కు అడిగితే యజమాని తుండుగుడ్డ కట్టుకోమంటాడు. - చిత్తూరు

తుండుగుడ్డతో ఏమీ కాదమ్మా. రాతి పొడిలో ప్రమాదమంతా కంటికి కనిపించని సన్నటి సిలికా దుమ్ములో ఉంటుంది, అది గుడ్డ నేతలోంచి దర్జాగా లోపలికి పోతుంది. మాక్రోఫేజ్ దాన్ని క్రిమి అనుకుని మింగుతుంది. రాయి అరుగుతుందా? మింగిన కణమే చస్తుంది, పొడి బయటపడుతుంది, ఇంకో కణం వచ్చి మింగుతుంది, అదీ చస్తుంది. అలా చచ్చిన చోటల్లా మచ్చ గట్టిపడుతుంది, ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి. దాన్ని సిలికోసిస్ అంటారు. కాపలా కణాలు ఇలా రాతిపొడితో చస్తుంటే టీబీ క్రిమికి పండగే, ఈ పనివాళ్ళలో టీబీ ఎక్కువ కావడానికి కారణం అదే. వచ్చిన మచ్చ తగ్గదు, కాబట్టి చేయాల్సింది ఒకటే, ఇంకా పీల్చకుండా చూడడం. నీళ్ళు పోస్తూ కోయాలి, ఎన్95 లాంటి మాస్కు ముఖానికి గట్టిగా అతుక్కుని ఉండాలి, వీలైతే ఆ పనే మారాలి. ఎక్స్‌రే, గళ్ళలో టీబీ పరీక్ష వెంటనే చేయించండి. ఏ పని ఎన్నేళ్ళు చేశాడో చీటీలో డాక్టరు చేత రాయించండి, రేపు నష్టపరిహారం అడగాలంటే ఆ కాగితమే దిక్కు.

ప్రశ్న: మా బాబుకు ఆరేళ్ళు. ఏడాదిన్నరలో నాలుగుసార్లు నిమ్ము చేరింది. ఇమ్యూనిటీ టానిక్ ఏదైనా రాయండి. - ఒక తల్లి, పాకాల

టానిక్ రాయను. ఒక్క ప్రశ్న అడుగుతాను: నాలుగుసార్లూ నిమ్ము ఒకే వైపు, ఒకే చోట వచ్చిందా? ఎక్స్‌రేలన్నీ ఒక కవర్లో పెట్టుకుని వరుసగా చూపించండి. ఒక్కోసారి ఒక్కో చోట వస్తుంటే పిల్లాడి యాంటీబాడీలు సరిగా తయారవుతున్నాయో లేదో రక్తపరీక్ష చేయించాలి. అవి పుట్టుకతోనే తక్కువగా ఉండే పిల్లలుంటారు, వాళ్ళకు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే తయారైన యాంటీబాడీలనే, ఎక్కిస్తే చక్కగా ఎదుగుతారు. నిజంగా ఇమ్యూనిటీ తక్కువ అంటే అది, డబ్బాల మీద రాసేది కాదు.

ప్రతిసారీ ఒకే చోట వస్తుంటే మాత్రం ఆ దారికి ఏదో అడ్డం పడి ఉండొచ్చు. ఇరవై ఏళ్ళ కిందటి మాట. మీ వైపు ఊరినుంచే ఒక నాలుగేళ్ళ పాపను తెచ్చారు. ఏడాదిగా దగ్గు, కుడివైపు కింది భాగంలోనే మళ్ళీ మళ్ళీ నిమ్ము. అంతకుముందు చూసిన చోట, ఊరు పేరు ఎందుకులే, టీబీ అనుకుని మందులు కూడా మొదలెట్టారు. ఎక్స్‌రేలు ముందేసుకుని వాళ్ళమ్మను పదేపదే అడిగితే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుర్తు తెచ్చుకుంది, పోయిన ఏడు చెనిక్కాయలు వలిచేటప్పుడు పాప నోట్లో పెట్టుకుని నవ్వుతూ ఉక్కిరిబిక్కిరైందని. బ్రాంకోస్కోపీ గొట్టం వేసి చూస్తే కుడి గొట్టంలో సగం చెనిక్కాయ పప్పు, చుట్టూ ఎర్రటి మాంసం పెరిగి, చీముతో. నానిన పప్పును పట్టుకారుతో లాగితే రెండు ముక్కలైంది, రెండూ బయటికి వచ్చేదాకా థియేటర్లో ఎవరూ మాట్లాడలేదు. పాప తెల్లకణాలు ఏడాది పొడుగునా పోరాడింది దానితోనే. మీ బాబు విషయంలో అలాగే ఉంటుందని అనడం లేదు. మీరు గుర్తు చేసుకోండి, ముందు మీ పిల్లల డాక్టరుకు ఆ ఎక్స్‌రేలు చూపించండి. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకు చెనిక్కాయలు పప్పుగా ఇవ్వకండి, పొడి కొట్టి ఇవ్వండి.

ప్రశ్న: టీబీ మందు మొదలెట్టిన నెలకు మెడ దగ్గరి గడ్డ ఇంకా పెద్దదైంది. మందు పనిచేయడం లేదా? - శ్రీకాళహస్తి

చాలాసార్లు పనిచేస్తోందనే అర్థం. క్రిములు చచ్చి వాటి ముక్కలు బయటపడితే ఒళ్ళు ఒక్కసారిగా వాటి మీద విరుచుకుపడుతుంది, గడ్డ ఉబ్బుతుంది, జ్వరం కూడా రావచ్చు. మందు ఆపకండి, కానీ డాక్టరుకు చూపించండి, మొండి టీబీ కాదని తేల్చుకోవాలి. మూత్రం నారింజ రంగులో వస్తోందని కూడా రాశారు, అది మీరు వాడే టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ రంగు, భయం లేదు.

ప్రశ్న: నాకు బ్రాంకియెక్టాసిస్. ఏటా మొక్కుగా అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతాను. ఈ ఏడు మానెయ్యమంటారా? - తిరుపతి

ఆయాసం లేకుండా రెండు కిలోమీటర్లు నడవగలిగితే, ఆక్సిజన్ బాగుందని మీ డాక్టరు అంటే, మానక్కర్లేదు. నడక వల్ల గళ్ళ కదిలి బయటికి వస్తుంది కూడా. ముదిరిన వారాల్లో మాత్రం వద్దు. ఇన్‌హేలరు జేబులో పెట్టుకోండి, బయల్దేరే ముందు గళ్ళ తీసే వ్యాయామం చేసుకోండి, తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు మొదలెట్టి, 3,550 మెట్లనూ ఒక్క పూటలో ఎక్కాలనే పంతం లేకుండా ఎక్కండి. గాలిగోపురం దగ్గర ఎలాగూ కూర్చుంటారు కదా, అక్కడ తీరిగ్గా దగ్గి, కాగితంలో ఉమ్మి, మడిచి, కవర్లో వేసుకుని పైకి తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేయండి. మెట్ల మీద మాత్రం ఉమ్మకండి సామీ, వెనక పసిపిల్లలు పాకుతూ వస్తుంటారు.